మన అక్షరాలు కంప్యూటరులో అంకెలుగా ఎలా మారును?

 

ఈ నెల సైన్సు పాఠం రాసే వంతు నాకు వచ్చినది. నేను కంప్యూటరు గురించి రాస్తున్నాను. కంప్యూటరు అంటే ఆటలు, బొమ్మలు అనుకోకండి. మనం కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే అది లోపలికి పోయి ఏమయితది, తిరిగి అక్షరంగా ఎట్లా బయటికి వస్తది, ఇదే ఈ పాఠం. కొంచెం లెక్క ఉంటుంది. కూడిక వస్తే చాలు. పాఠం పెద్దది, ఒక్క రోజులో చదవకపోయినా పరవాలేదు, నెలాఖరు దాకా గోడ మీదనే ఉంటుంది.

మొదటి సంగతి ఏమిటంటే కంప్యూటరుకు అక్షరాలు రావు. దానికి తెలిసినవి రెండే, ఉన్నది, లేనిది. కరెంటు ఉంటే 1, లేకపోతే 0. ఇట్లాంటి ఒక్క గుర్తును బిట్టు అంటారు. ఎనిమిది బిట్లు కలిపితే ఒక బైటు. ఈ రెండు గుర్తులతో అంకెలు రాసే పద్ధతికి బైనరీ అని పేరు. మనం పది వేళ్ళతో లెక్క పెడతాము కాబట్టి పదుల లెక్క. కంప్యూటరుకు రెండే వేళ్ళు అనుకోండి, కాబట్టి రెండుల లెక్క.

దీన్ని ఆడి చూడవచ్చును. సాయంత్రం ప్రార్థన అయిన తరువాత ఎనిమిది మంది వరుసగా కూర్చోండి. ఒక్కొక్కరి చేతిలో ఒక అట్టముక్క. దాని మీద 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని రాసుకోవాలి. ఎదురుగా నిలబడి చదివే వాళ్ళకు 128 ఎడమ చేతి వైపు ఉండాలి, ఇది మరిచిపోతే అంతా తలకిందులు. లేచి నిలబడితే 1, కూర్చుంటే 0. నిలబడ్డ వాళ్ళ అట్టముక్కలు కూడితే ఎంత వస్తుందో అదే ఆ బైటు విలువ. 64, 1 ఉన్న ఇద్దరే లేచినారు అనుకోండి, 65. అందరూ లేస్తే 255. అందరూ కూర్చుంటే 0, అది కూడా ఒక అంకెనే. అంటే ఒక్క బైటులో 0 నుంచి 255 దాకా మొత్తం 256 రకాలు పడతాయి. మేము ఆరో తరగతి చెల్లెళ్ళతో ఆడించినాము, పది నిమిషాలలో నేర్చుకున్నారు. 32 పట్టుకున్న చెల్లె మాత్రం నిద్రపోయింది.

మరి అంకె నుంచి అక్షరం ఎట్లా వస్తది? దానికి ఒక పట్టిక కావాలి. మన హాజరు పట్టీలో రోల్ నంబరు చూసి పేరు చదివినట్టు, ఏ అంకెకు ఏ అక్షరం అని ముందే అందరూ ఒప్పుకొని రాసిపెట్టుకోవాలి. అమెరికా వాళ్ళు 1963లో ఒక పట్టిక అచ్చు వేసినారు. దాని పేరు ఆస్కీ. అందులో 128 స్థానాలు. ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరానికి 65, బీకి 66, అట్లా వరుసగా జడ్ దాకా 90. చిన్న అక్షరాలు 1967లో చేర్చినారు. చిన్న ఏ 97. 97లో నుంచి 65 తీసేస్తే 32. అనగా మన ఆటలో 32 పట్టుకున్న పిల్ల ఒక్కతే లేస్తే పెద్ద అక్షరం చిన్న అక్షరం అయితది! నిద్రపోతే కాదు.

ఒక లెక్క ఇస్తున్నాను, చేసి చూడండి. 72, 79, 83, 84, 69, 76. ఇది ఇంగ్లీషు మాట. మనం దాంట్లోనే ఉన్నాము.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. 25 అనే సంఖ్య వేరు, 25 అని రాసిన రాత వేరు. సంఖ్యగా అయితే ఒకే బైటులో 16, 8, 1 పట్టుకున్న వాళ్ళు లేస్తే అయిపోయె. రాతగా అయితే 2 అనే గుర్తుకు ఆస్కీలో 50, 5 అనే గుర్తుకు 53, అంటే రెండు బైట్లు. రాతను ప్రోగ్రాములో స్ట్రింగు అంటారు. దండలో పూలు గుచ్చినట్టు అక్షరాలు వరుసగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. రోల్ నంబరు 007 ఉంటే దాన్ని స్ట్రింగుగానే పెట్టాలి, సంఖ్యగా పెడితే ముందున్న సున్నాలు పోయి 7 అయితది.

సరే, ఆస్కీలో మన అక్షరాలు ఎక్కడ? లేవు. ఒక్కటి కూడా లేదు. ఆస్కీ 127 దగ్గర ఆగిపోతుంది కదా, బైటులో ఇంకా 128 నుంచి 255 దాకా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎవరి అక్షరాలు వాళ్ళు పెట్టుకున్నారు. దానితో ఒకే అంకెకు పది అర్థాలు వచ్చినవి. 224 తీసుకోండి. పడమటి యూరపు వాళ్ళ పట్టికలో అది నెత్తి మీద ఏటవాలు గీత ఉన్న ఏ అక్షరం. రష్యా అక్షరాలకు విండోస్‌లో ఉన్న పట్టికలో అదే 224 వాళ్ళ ‘అ’. మన దేశం వాళ్ళు 1991లో ఇస్కీ అని ఒక ప్రమాణం చేసినారు. అందులో హిందీ క, తెలుగు క, తమిళం క అన్నిటికీ ఒకే అంకె, లిపి ఏదో విడిగా చెప్పాలి. ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ ఒక పట్టికతో రాసిన కాగితాన్ని ఇంకో పట్టికతో చదివితే ఏమయితదో మీరే ఊహించండి. మా తరగతి హాజరు పట్టీ పట్టుకొని ఎనిమిదో తరగతిలో రోల్ నంబర్లు పిలిచినట్టు ఉంటది. అందరూ పలుకుతారు, పేర్లన్నీ తప్పు.

అందుకే 1991లోనే యూనికోడు అనే పెద్ద పట్టిక మొదటి భాగం వచ్చినది. ప్రపంచంలో ప్రతి లిపిలో ప్రతి గుర్తుకు ఒక్కటే అంకె, ఇంకెవరికీ ఆ అంకె ఇవ్వరు. తెలుగు మొదటి నుంచే అందులో ఉంది. తెలుగు వాడకట్టు 3072 నుంచి 3199 దాకా. అ అంటే 3077, క అంటే 3093. గుడి, కొమ్ము, సున్న, పొల్లు వీటికి కూడా విడివిడిగా అంకెలు ఉన్నాయి. పొల్లు అంకె 3149.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక్క బైటులో 255 కంటె పెద్దది పట్టదు అన్నాను కదా. 3077 ఎట్లా పడుతుంది? దీనికి 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఒక ఉపాయం చేసినారు. దాని పేరు యూటీఎఫ్-8. అది మన ప్రార్థన లైను లాంటిదే. లైనుకు ముందు ఒక లీడరు ఉంటది, వెనక పిల్లలు ఉంటారు. లీడరు బైటు 1110 తో మొదలైతే ‘నాతో కలిపి మేము ముగ్గురం’ అని అర్థం. 110 అయితే ఇద్దరు. 11110 అయితే నలుగురు. వెనక ఉన్న ప్రతి బైటు 10 తో మొదలుకావాలి, అంటే ‘నేను లీడరును కాదు’ అని. 0 తో మొదలైతే ఒక్కతే, అది పాత ఆస్కీ అక్షరం. ఇంగ్లీషు వాళ్ళకు ఒక్క బైటుతో పని అయిపోతుంది, మనకు మూడు కావాలి. న్యాయమేనా అని అడగవచ్చు, కానీ ఒకే మూటలో అందరూ పట్టాలంటే ఇదే బాగుంది.

‘అ’ను చేతితో చేసి చూపిస్తాను. 3077ను రెండుల లెక్కలో రాస్తే 110000000101. (2048, 1024, 4, 1 కూడి చూడండి.) ముందు నాలుగు సున్నాలు చేర్చి పదహారు చేయండి. దాన్ని 0000, 110000, 000101 అని మూడు ముక్కలు చేయండి. మొదటి ముక్క ముందు 1110 పెట్టండి, మిగతా రెండు ముక్కల ముందు 10 పెట్టండి. వచ్చినవి 11100000, 10110000, 10000101. మన ఆటలో కూడితే 224, 176, 133. అంతే. మీరు అ నొక్కినప్పుడు ఫైలులో ఉండేది ఈ మూడు అంకెలే.

ఇది ప్రోగ్రాముతో కూడా చేయవచ్చును. పైథాన్ అనే భాషలో (2008లో వచ్చిన మూడో రకం నుంచి) రాతకు ఒక పేరు, అంకెల మూటకు ఒక పేరు. రాత అంటే స్ట్రింగు, మూట అంటే బైట్సు. ఈ రెండిటినీ కలిపి కూడమంటే పైథాన్ ఒప్పుకోదు. రాతను మూట కట్టడం ఎన్‌కోడ్. మూట విప్పి రాత చేయడం డీకోడ్. రెండిటికీ పట్టిక పేరు చెప్పాలి, యూటీఎఫ్-8 అని. ప్రోగ్రాము ఇంగ్లీషు అక్షరాలలోనే రాయాలి కాబట్టి అది కంప్యూటరు గది తలుపు మీద అతికించినాను, అక్కడ చూడండి.

మేము ‘అవ్వ’ అనే మాట ఇచ్చి చూసినాము. కంటికి అక్షరాలు రెండు. పైథాన్‌ను పొడవు ఎంత అని అడిగితే నాలుగు అన్నది. మూట కట్టి అడిగితే పన్నెండు అన్నది. మూడు జవాబులూ సరైనవే! ఎందుకంటే లోపల అ, వ, పొల్లు, మళ్ళీ వ అని నాలుగు గుర్తులు ఉన్నాయి. వ కింద వత్తు అంటే కంప్యూటరుకు పొల్లు పెట్టి ఇంకో వ రాయడమే. ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు, నాలుగు మూళ్ళు పన్నెండు.

దీనివల్ల నష్టం కూడా అయితది. ఒక చోట మా నాయనమ్మ పేరు కంప్యూటరులో ఎక్కించి కాగితం ఇచ్చినారు. పేరు చివర సగం లేదు, దాని స్థానంలో నల్లని డైమండు గుర్తు ఉంది. ‘పేరు పెద్దగున్నది, పట్టలేదు’ అన్నారు. పేరు పెద్దది కాదు. పేరు గడిలో 20 బైట్లే పెట్టినారు అనుకోండి, ఇంగ్లీషులో 20 అక్షరాలు హాయిగా పడతాయి. తెలుగులో మూడు చొప్పున ఆరు గుర్తులు, పద్దెనిమిది. మిగిలిన రెండు బైట్లలో ఏడో గుర్తు ముక్క పడుతుంది, మూడో ముక్క బయట. లీడరు ముగ్గురం అన్నది, వచ్చింది ఇద్దరే. అప్పుడే ఆ నల్ల డైమండు వస్తుంది. గడి పెట్టిన వాళ్ళు అక్షరాలు లెక్క పెట్టలేదు, బైట్లు లెక్క పెట్టినారు. మా నాయనమ్మకు చదువు రాదు. ఆ కాగితం చూసి ‘నా పేరు గింతేనా’ అన్నది.

ప్రతి మూటలో రాత ఉంటది అని కూడా అనుకోవద్దు. ఫోటో కూడా బైట్ల మూటనే. జేపెగ్ రకం ఫోటో 255, 216 అనే అంకెలతో మొదలవుతుంది. యూటీఎఫ్-8లో 255 అనే బైటుకు చోటే లేదు, కాబట్టి ఫోటోను డీకోడ్ చేయమంటే పైథాన్ మొదటి బైటు దగ్గరనే ఎర్ర అక్షరాలతో ఆగిపోతుంది. కానీ రాత మాత్రమే పోయే దారిలో ఫోటో పంపాలంటే? దానికి బేస్64 అని ఉంది. మూడు బైట్లు అంటే 24 బిట్లు కదా, వాటిని ఆరారుగా నాలుగు ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్క 0 నుంచి 63 దాకా. ఇంగ్లీషు పెద్దవి 26, చిన్నవి 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత, మొత్తం 64 గుర్తులు. మన అ యొక్క మూడు బైట్లను ఇట్లా చేస్తే 56, 11, 2, 5 వస్తాయి, గుర్తులుగా 4, ఎల్, సి, ఎఫ్. మూడు ఉన్నవి నాలుగు అయినవి కాబట్టి మూట మూడో వంతు పెరుగుతుంది. ఇది తాళం కాదు, ఎవరైనా విప్పవచ్చు.

ఇప్పుడు మన సొంత లిపి సంగతి. ఆదిలాబాదు జిల్లాలో గుంజాల అనే ఊరిలో గోండి చేతిరాత ప్రతులు దొరికినాయి అని మనకు తెలుసు. ఆ లిపికి గుంజాల గోండి అని పేరు పెట్టి 2018లో యూనికోడులో అంకెలు ఇచ్చినారు. దానికి ఒక సంవత్సరం ముందు, 2017లో, ఇంకో గోండి లిపికి ఇచ్చినారు. అది మధ్యప్రదేశ్‌లో బాలాఘాట్ వైపు మున్షీ మంగల్ సింగ్ మసారాం గారు 1918లో తయారు చేసినది. గుంజాల గోండిలో ‘అ’ అంకె 73056. అంత పెద్ద అంకె మూడు బైట్లలో పట్టదు, నాలుగు కావాలి: 240, 145, 181, 160. లీడరు 240 అంటే 11110 తో మొదలు, ‘మేము నలుగురం’.

నాలుగు అయితే ఏమి అంటారా? మై ఎస్‌క్యూఎల్ అనే పెద్ద పేరున్న డేటాబేసులో యూటీఎఫ్8 అని పిలిచే పట్టిక ఉన్నది, అది మూడు బైట్ల దాకానే తీసుకుంటుంది. తెలుగు పడుతుంది. గుంజాల గోండి పడదు, ఎర్రర్ ఇస్తుంది, లేదంటే అక్కడికి కోసేస్తుంది. నాలుగు బైట్లు పట్టేది 2010లో వేరే పేరుతో పెట్టినారు, యూటీఎఫ్8ఎంబీ4 అని. ఎవరైనా పాత పేరే వాడితే మన లిపికి తలుపు మూసినట్టే, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఫోనులో నవ్వు మొహం బొమ్మలు పంపుతారు కదా, అవి కూడా నాలుగు బైట్లవే. ఆ బొమ్మలు అందరికీ కావాలి కాబట్టి చాలామంది తలుపు తెరిచినారు, వాటి వెనక మనం కూడా లోపలికి పోయినాము. నాకు ఇది నవ్వు కూడా వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

గుంజాల గోండి రాత కొన్ని ఫోన్లలో ఖాళీ డబ్బాలుగా కనబడుతుంది. డబ్బాలు చూసి భయపడకండి. బైట్లు బాగానే ఉన్నాయి, అక్షరం గీసే ఫాంటు ఆ ఫోనులో లేదు, అంతే. నోటో అనే ఫాంటు వేసుకుంటే కనబడుతుంది.

డబ్బాల కంటె పెద్ద జబ్బులు రెండు ఉన్నాయి. అవి మన హాస్టల్లోనే వచ్చినాయి కాబట్టి ఆ సంగతి వివరంగా రాస్తాను.

పోయిన సంవత్సరం పదో తరగతి అక్కలు రెండు ఫైళ్ళు టైపు చేసి పెట్టి పోయినారు. ఒకటి పొడుపు కథలు. రెండోది దండారి పాట, ఒక తాత పాడుతుంటే నోటుబుక్కులో రాసుకొని టైపు చేసినది. రెండూ గోండి మాటలు, తెలుగు అక్షరాలు. పెన్‌డ్రైవు బయట ఒక చోటికి ప్రింటుకు పోయి తిరిగి వచ్చింది. తెరిస్తే మొదటి ఫైలు నిండా ఏదో పిచ్చి రాత. ‘వైరస్ పట్టింది, తీసెయ్యండి’ అని అక్కడ ఒకరు చెప్పి పంపినారట.

మా కంప్యూటరు సారు తీసేయలేదు. ‘పిచ్చి రాతలో కూడా వరుస ఉంటది, చూడుర్రి’ అన్నారు. చూస్తే ప్రతి మూడో చోట అదే అక్షరం, నెత్తి మీద ఏటవాలు గీత ఉన్న ఏ. దాని పక్కన ఎండ కొలిచే డిగ్రీ గుర్తు, లేదంటే కూడిక కింద గీత ఉన్న గుర్తు. మీకు గుర్తుకు వచ్చిందా? ఆ ఏ పడమటి పట్టికలో 224. డిగ్రీ గుర్తు 176. రెండోది 177. తెలుగులో ఏ గుర్తు అయినా 224, 176 తో గాని 224, 177 తో గాని మొదలవుతుంది. అంటే బైట్లన్నీ బతికే ఉన్నాయి, చదివే పట్టిక తప్పు! సారు యూటీఎఫ్-8 అని చెప్పి మళ్ళీ తెరిచినారు. పొడుపు కథలన్నీ వచ్చినాయి. ఒక్క పొల్లు కూడా పోలేదు.

కానీ ఆ పిచ్చి రాతనే ఎవరైనా సేవ్ చేసి ఉంటే? వెనక్కి తిప్పి కట్టి మళ్ళీ విప్పవచ్చు, కాని పూర్తిగా రాకపోవచ్చు. విండోస్ పడమటి పట్టికలో ఐదు అంకెలకు ఏ అక్షరమూ లేదు: 129, 141, 143, 144, 157. అవి గుంతల లాంటివి. కొన్ని ప్రోగ్రాములు ఆ గుంతలో పడ్డ బైటును వదిలేస్తాయి, లేదా ప్రశ్న గుర్తు పెడతాయి. ఇప్పుడు చూడండి, మన పొల్లు బైట్లు 224, 177, 141. గుంతలో పడింది! కొమ్ము బైట్లు 224, 177, 129. అదీ పడింది. ఏ 143, ఐ 144, ఝ 157, అన్నీ పడినవి. గోండిలో నీళ్ళను ‘ఏర్’ అంటాము. అందులో మూడు గుర్తులు, ఏ, ర, పొల్లు. ఏ పోయె, పొల్లు పోయె, మధ్యలో ర ఒక్కటే మిగిలింది. గోండిలో పొల్లుతో అయిపోయే మాటలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ఏర్, నార్, రోన్. వత్తులు కూడా పొల్లుతోనే కడతారు కాబట్టి అవి కూడా విడిపోతాయి. అందుకే పిచ్చి రాత కనబడితే చేయి తీసి పక్కన పెట్టండి. సేవ్ నొక్కవద్దు. ముందు ఫైలుకు నకలు తీసి, నకలు మీద పట్టిక మార్చి చూడండి.

రెండో ఫైలు, పాట. అది అట్లా లేదు. అంతా ప్రశ్న గుర్తులే.

మేము దీన్ని కూడా పైథాన్‌తో తెరిచి బైట్లు చూపించమన్నాము. 63, 63, 63, తరువాత 32, మళ్ళీ 63, 63... 63 అంటే ఆస్కీలో ప్రశ్న గుర్తు. 32 అంటే ఖాళీ. అంటే తెరమీద ప్రశ్న గుర్తుగా కనబడటం కాదు, ఫైలులోనే ప్రశ్న గుర్తులు రాసి ఉన్నాయి. తెలుగు లేని పాత పట్టికతో సేవ్ చేయమంటే ఆ ప్రోగ్రాము ‘ఈ అక్షరాలు నా దగ్గర లేవు, పోతాయి, పరవాలేదా’ అని అడిగి ఉంటది. ఇంగ్లీషులో అడుగుతుంది కాబట్టి ఎవరో చదవకుండా ఓకే నొక్కినారు. ఒక్కొక్క గుర్తు స్థానంలో ఒక్కొక్క 63 వచ్చి కూర్చుంది.

మేము అదే తప్పును కావాలని చేసి చూసినాము. ‘అవ్వ’ను ఆస్కీతో మూట కట్టమంటే పైథాన్ కట్టదు, ఎర్ర అక్షరాలతో ఆగిపోతుంది. ‘రీప్లేస్’ అని ఒక మాట చేరిస్తే ఆగకుండా నాలుగు ప్రశ్న గుర్తులు ఇస్తుంది. ‘ఇగ్నోర్’ అంటే అసలు ఏమీ ఇవ్వదు, ఖాళీ. మా వాళ్ళు ఎర్ర అక్షరాలు చూసి భయపడి రీప్లేస్ పెడదాం అంటారు. నాకైతే ఎర్ర అక్షరాలే మంచివి అనిపిస్తుంది. ఆగినప్పుడు మన రాత మన దగ్గరనే ఉంటది. ఆగకుండా పోయినప్పుడే పోగొట్టుకుంటాము.

నాలుగు ప్రశ్న గుర్తుల నుంచి అవ్వ తిరిగి రాదు. నాలుగు గుర్తుల మాట ఏదైనా కావచ్చు, అన్నీ 63, 63, 63, 63 అయిపోతాయి. ఎంత పెద్ద కంప్యూటరు అయినా ఏమీ చేయలేదు, ఎందుకంటే తేడా చెప్పే అంకెలే లేవు. పాట చెప్పిన తాత పోయిన ఎండాకాలంలో చనిపోయినారు. అక్కలు రాసుకున్న నోటుబుక్కు దొరకలేదు, ఆ అక్క ఊరికి ఫోను చేసి కూడా అడిగినాము.

అయినా ఒకటి మిగిలింది. ఖాళీలు ఇంకా 32 లాగనే ఉన్నాయి. లైను మారిన చోట ఉండే బైట్లు కూడా పోలేదు. అందుకని పాటలో ఏ లైనులో ఎన్ని మాటలు, ఏ మాటలో ఎన్ని గుర్తులు అన్నది మొత్తం ఉన్నది. పాట పోయింది, పాట కొలత ఉన్నది. మేము లెక్క రాసినాము. మొత్తం 14 లైన్లు. మొదటి లైనులో నాలుగు మాటలు, గుర్తులు 3, 5, 5, 4. రెండో లైను 4, 4, 3. ఈ 4, 4, 3 అనేది నాలుగో లైను, ఆరో లైను, అట్లా ప్రతి రెండో లైనులో తిరిగి వస్తుంది, అది అందరూ కలిసి పలికే మాట అయి ఉంటుంది. మూడో లైను 3, 5, 6. మిగతా లెక్క కంప్యూటరు గది తలుపు మీద ప్రోగ్రాము పక్కన పెట్టినాను.

దీపావళికి దండారి సెలవులు వస్తున్నాయి. ఊరికి పోయిన వాళ్ళు తాతలను, కాకలను, కిక్రి వాయించే పర్ధాన్ పెద్దలను అడగండి. పాడించుకొని రాసుకోండి. తరువాత ఒక్కొక్క మాటకు గుర్తులు లెక్క పెట్టండి. లెక్క ఇట్లా: అక్షరం ఒకటి, గుడి గాని కొమ్ము గాని దీర్ఘం గాని విడిగా ఒకటి, సున్న ఒకటి, పొల్లు ఒకటి, వత్తు ఉంటే రెండు. ఉదాహరణకు ‘దండారి’ అంటే ద, సున్న, డ, దీర్ఘం, ర, గుడి, మొత్తం ఆరు. ‘ఏర్’ మూడు. మాట ఒకరు ఒక తీరుగా, ఇంకొకరు ఇంకో తీరుగా రాస్తారు కాబట్టి ఒకటి రెండు తేడా వచ్చినా వదిలేయకండి, తీసుకురండి.

మొదటి లైను 3, 5, 5, 4 కు దగ్గరగా వచ్చే పాట దొరికితే కాగితం మీద రాసి, పాడిన వారి ఊరు రాసి, కంప్యూటరు గది కిటికీ దగ్గర ఉన్న అట్టపెట్టెలో వేయండి. సెలవులు అయిన తరువాత వచ్చే మొదటి ఆదివారం సారు గది తెరుస్తామన్నారు. వార్డెన్ మేడం గారు కూడా ఆ రోజు భోజనాల తరువాత మాకు ఒక గంట ఇవ్వగలరని కోరుతున్నాము.

తొమ్మిదవ తరగతి విద్యార్థిని